వినే హక్కు, వినిపించే హక్కు

రేడియో పెట్టె ఇంట ఉంచుకొనడానికి ఒకప్పుడు లైసెన్సు కావలసి ఉండేది. 1933లో వచ్చిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఆ నియమానికి మూలం. గృహస్థుడు ఏటేటా తపాలా కార్యాలయానికి పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకాన్ని తాజా చేయించుకొని తెచ్చుకొనేవాడు. ఇంటి దస్తావేజులతోపాటు ఆ పుస్తకాన్ని కూడ పదిలపరచుకొన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1980 దశకం మధ్యలో ఆ పద్ధతి రద్దయింది. అప్పటినుంచి మన దేశంలో రేడియో వినడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

అయితే లైసెన్సులు రెండు రకాలు. పైన చెప్పినది వినేవాని లైసెన్సు. రెండవది వినిపించేవాని లైసెన్సు. ఒక పాటను నలుగురికీ వినిపించదలచినవాడు ఆ పాట ఎవరి సొత్తో వారి అనుమతి పొందడం, తగిన ప్రతిఫలం ముట్టజెప్పడం ఈ రెండవదాని స్వరూపం. ఇది శ్రోతల కంటబడే వ్యవహారం కాదు. రేడియో నిలయాలు, గ్రామఫోను కంపెనీలు, సినిమా నిర్మాతలు తమలో తాము తేల్చుకొనే సంగతిగానే ఇది చాలాకాలం నడిచింది. ఎందుకంటే వినిపించే సాధనం కొద్దిమంది చేతులలోనే ఉండేది.

ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. యూసుఫ్‌గూడలో ఒక అద్దె వాటాలో కూర్చుని, కంప్యూటరు తెలిసిన ఏ యువకుడైనా సొంత వెబ్‌సైటు ఒకటి నెలకొల్పుకోవచ్చు. తన తాతగారు కూడబెట్టిన పాత ప్లేట్లలోని పాటలను అందులోకి ఎక్కించవచ్చు. అమలాపురంలో ఉన్నవారూ, అమెరికాలో ఉన్నవారూ ఏకకాలంలో వాటిని వినవచ్చు. దీనినే స్ట్రీమింగ్ అంటున్నారు. ఆ యువకుడు పైసా కూడ వసూలు చేయడు. పాటమీది మక్కువే అతని పెట్టుబడి. అతడు ఎవరినైనా అనుమతి అడగవలసి ఉన్నదా? అడగవలసి ఉంటే ఎవరిని? ఈ ప్రశ్నకు సమాధానం నేటి చట్టంలో కొంత దొరుకుతుంది. కాని ఆ చట్టం అలా ఎందుకున్నదో తెలియాలంటే చరిత్రలోకి పోవలసిందే.

యూసుఫ్‌గూడను ఉదాహరణగా తీసుకొనడానికి కారణం లేకపోలేదు. దానిని ఆనుకొని ఉన్న అమీర్‌పేట ప్రాంతంలో 1956లో సారథీ స్టూడియో వెలసింది. హైదరాబాదు నగరంలో అది తొలి సినిమా స్టూడియో. పూర్తిగా హైదరాబాదులో నిర్మితమైన మొదటి తెలుగు చిత్రంగా పేరుగన్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే తయారయింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసునుంచి క్రమక్రమంగా తరలివచ్చిన తరువాత, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీథులు సినిమా పనివారికి నివాసాలయ్యాయి. వాద్యకారులు, బృందగాయకులు, పాటలు వ్రాయాలని పల్లెలనుంచి వచ్చిన యువకవులు ఆ సందులలో కాపురముంటున్నారు. పాటను వెబ్‌సైటులో ఎక్కించే అభిమానీ, పాటకు మాట కట్టి బ్రతికే కవీ ఒకే గోడకు అటూ ఇటూ ఉండవచ్చును. కాబట్టి ఈ చర్చ ఎవరో దూరదేశపు కంపెనీలకు సంబంధించినదిగా భావించరాదు.

పాటకు కర్త ఉన్నాడనే భావన మనకు కొత్తది కాదు. క్షేత్రయ్య పదాలకు ‘మువ్వగోపాల’ ముద్ర ఉన్నది. త్యాగయ్య కృతులలో ఆయన పేరే ముద్ర. ఈ పాట ఫలానావారిదని లోకం గుర్తించాలనేదే ముద్రలోని ఉద్దేశం. అన్నమయ్య కీర్తనలను రాగిరేకులమీద చెక్కించి తిరుమలలో భద్రపరచడం కూడ ఆ శ్రద్ధకే నిదర్శనం. అయితే కర్తృత్వం వేరు, స్వామ్యం వేరు. త్యాగరాజకృతిని పాడుకొనే శిష్యుడు గురువుకు రుసుము చెల్లించవలెనని ఎవరూ అనుకొనలేదు. రాజపోషణమో, దేవాలయమో, ఉంఛవృత్తియో వాగ్గేయకారుని పోషించేవి. పాట అంగడి సరుకు కాలేదు గనుక దానికి ధర కట్టవలసిన అవసరమూ రాలేదు.

త్యాగరాజస్వామి సిద్ధిపొందినది 1847 జనవరిలో. అదే సంవత్సరంలో పారిస్ నగరంలో మరొక సంఘటన జరిగింది. ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత, ఇద్దరు సంగీతకర్తలు, పాటకచేరీలు జరిగే ఒక కాఫీహోటలులో కూర్చున్నారు. అక్కడ వారి పాటలే పాడుతున్నారు. తాము త్రాగిన పానీయానికి డబ్బివ్వమని హోటలువారు అడుగగా, మా పాటలకు మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయానికి మేమెందుకివ్వాలని వారు నిలదీశారు. తగవు న్యాయస్థానానికెక్కి, తీర్పు రచయితల పక్షాన వచ్చింది. దాని ఫలితంగా 1851లో రచయితల, స్వరకర్తల, ప్రచురణకర్తల సంఘం ఒకటి ఏర్పడింది. ఎక్కడెక్కడ తమ పాటలు పాడుతున్నారో ఒక్కొక్క రచయిత తిరిగి చూచుకొనలేడు గనుక, అందరి తరఫునా ఒక సంఘం అనుమతులిచ్చి, సొమ్ము వసూలుచేసి పంచిపెట్టడం అనే పద్ధతి అక్కడ మొదలయింది. నేటి లైసెన్సు సంఘాలన్నింటికీ మూలం అదే.

మన దేశానికి ఈ సమస్య గ్రామఫోనుతో వచ్చింది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో తొలి రికార్డింగులు చేశారు. అంతవరకు పాడినంతసేపే ఉండి పోయే పాట, లక్కపలకమీదికెక్కి అమ్ముడుపోయే వస్తువయింది. బ్రిటిషువారి 1911నాటి కాపీరైటు చట్టాన్నే కొన్ని మార్పులతో 1914లో ఇండియాకు వర్తింపజేశారు. రచనకూ, స్వరానికీ ఉన్న హక్కులకుతోడు రికార్డుకు కూడ ప్రత్యేకమైన హక్కు ఆ చట్టంలో చోటు చేసుకొన్నది.

అప్పుడు మరొక చిక్కు పుట్టింది. ప్లేటు డబ్బిచ్చి కొన్నాను, అది నాది. దానిని నా ఇష్టం వచ్చినచోట మ్రోగించుకొంటాను అని కొన్నవాడు అనడం సహజం. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరంలో ఒక ఫలహారశాలవారు ఆ విధంగానే ప్లేట్లు కొని, తమవద్దకు వచ్చేవారికి వినిపించారు. గ్రామఫోను కంపెనీ దావా వేసింది. ప్లేటు కొన్నవానికి ఆ వస్తువుమీద హక్కు ఉన్నదే గాని, దానిని బహిరంగంగా వినిపించే హక్కు రికార్డు తయారుచేసినవానిదే అని అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. వెనువెంటనే 1934లో అక్కడ రికార్డు కంపెనీలవారు ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ అనే సంఘం పెట్టుకొన్నారు. అదే తరహా సంస్థ 1941లో మన దేశంలోనూ ఏర్పడింది. పి.పి.ఎల్. అని పిలవబడుతున్నది అదే.

ఈ తీర్పులోని మర్మం మన యూసుఫ్‌గూడ యువకునికి సరిగ్గా వర్తిస్తుంది. తాతగారి ప్లేటు అతనిదే. దానిని ఇంట్లో వేసుకొని వినడం అతని హక్కు. కాని ప్లేటు సొంతమైనంత మాత్రాన పాట సొంతం కాదు. ప్లేటు విడిగా, పాట విడిగా రెండు ఆస్తులు.

ఇక రేడియో సంగతి. హైదరాబాదులో రేడియో పుట్టుకే విచిత్రమైనది. నైజాం తంతితపాలా శాఖలో ఉద్యోగి అయిన మహబూబ్ అలీ అనే వ్యక్తి 1930 దశకం తొలి సంవత్సరాలలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో సొంతంగా ప్రసారాలు ఆరంభించాడు. 1935 ఫిబ్రవరిలో నైజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని స్వాధీనం చేసుకొన్నది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో లీనమయింది. అంటే ఈ నగరపు మొదటి రేడియో ఒక వ్యక్తి ఉత్సాహంనుంచి పుట్టినది. ఈనాటి సొంత వెబ్‌సైటువాడు మహబూబ్ అలీకి దూరపు బంధువే అనుకోవచ్చు.

లైసెన్సు కుదరకపోతే ఏమి జరుగుతుందో మన దేశమంతా అనుభవపూర్వకంగా తెలుసుకొన్నది 1952లో. ఆ సంవత్సరం కేంద్రంలో సమాచార ప్రసార మంత్రిగా డాక్టర్ బి.వి.కేస్కర్ వచ్చారు. శాస్త్రీయసంగీతం పట్ల ఆయనకు గాఢమైన అభిమానం. సినిమా పాట జనం అభిరుచిని చెరుస్తున్నదని ఆయన నమ్మకం. రేడియోలో సినిమా పాటల పాలు తగ్గించారు. పాటకు ముందు సినిమా పేరు చెప్పడం వ్యాపారప్రకటన అవుతుందని దానిని మాన్పించారు. నిర్మాతలకు ఇది కష్టం తోచింది. పాట హక్కులు వారివి. పేరైనా చెప్పనప్పుడు పాట ఎందుకివ్వాలని, రేడియోకు ఇచ్చిన ప్రసారానుమతిని వెనుకకు తీసుకొన్నారు. కొద్దినెలలలోనే ఆలిండియా రేడియోలో సినిమా పాట దాదాపుగా వినబడకుండాపోయింది.

అప్పుడు శ్రోతలు ఏమిచేశారు? రేడియో కట్టివేయలేదు. ముల్లు త్రిప్పారు. షార్టువేవులో రేడియో సిలోన్ హాయిగా పాటలు వినిపిస్తున్నది. హిందీ పాటలకు అమీన్ సయానీ ఎంత ప్రసిద్ధుడో, తరువాతి దశాబ్దాలలో సిలోన్ తెలుగు కార్యక్రమాలకు మీనాక్షి పొన్నుదురై గారు అంత ప్రీతిపాత్రులయ్యారు. సముద్రంమీదుగా పడుతూ లేస్తూ వచ్చే ఆ ధ్వనికోసం మన పల్లెలలో జనం పెట్టెల చుట్టూ మూగేవారు. చివరికి 1957 అక్టోబరులో వివిధభారతి ఆరంభమై, సినిమా పాట తిరిగి మన రేడియోలోకి వచ్చింది. ఈ మధ్యకాలంలో మేలు కూడ ఒకటి జరిగింది. సినిమా పాట లేని లోటు తీర్చడానికి రేడియో తన సొంత లలితసంగీతాన్ని పెంచుకొన్నది. తెలుగులో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి మహనీయుల చేతిలో లలితగీతం వర్ధిల్లింది. ఐనా ప్రధానమైన పాఠం మరువరానిది. వినిపించేవానికీ పాట యజమానికీ ఒప్పందం కుదరకపోతే శ్రోత మౌనంగా కూర్చోడు; అది దొరికే మరొకచోటికి పోతాడు.

స్వతంత్రభారతం తన సొంత కాపీరైటు చట్టాన్ని 1957లో చేసుకొన్నది. 1958 జనవరి 21న అది అమలులోకి వచ్చింది. అనేక సవరణలతో నేటికీ అదే అమలులో ఉన్నది. పాట విషయంలో ఆ చట్టం చూపించే దృష్టిని చక్కగా గ్రహించడం అవసరం. మనం ఒక్క పాట అనుకొనేది చట్టం దృష్టిలో మూడు. సాహిత్యం ఒకటి, స్వరరచన రెండవది, ధ్వనిముద్రణ మూడవది. మూడింటికీ కర్తలు వేరు, స్వాములు వేరు కావచ్చు, కాలపరిమితులు కూడ వేరు.

ఉదాహరణకు ‘గుండమ్మకథ’ తీసుకొందాం. ఆ చిత్రం 1962లో విడుదలయింది. పాటలు పింగళి నాగేంద్రరావుగారివి, సంగీతం ఘంటసాలగారిది. ధ్వనిముద్రణకు హక్కు, అది వెలువడిన సంవత్సరం తరువాతి జనవరి 1నుంచి 60 ఏండ్లు. అంటే 1962నాటి రికార్డు హక్కు 2022 డిసెంబరుతో ముగిసింది. ఇంకేమి, పాట స్వేచ్ఛ పొందింది గదా అని తోచవచ్చు. కాని సాహిత్యానికీ, స్వరానికీ హక్కు కర్త మరణించిన తరువాత 60 ఏండ్లు ఉంటుంది. పింగళివారు 1971లో గతించారు. వారి సాహిత్యానికి 2031 చివరివరకు రక్షణ ఉన్నది. ఘంటసాలగారు 1974లో గతించారు; వారి స్వరానికి 2034 చివరివరకు రక్షణ ఉన్నది. ఒకే పాటలో ప్లేటు గడువు తీరింది, మాట గడువు తీరలేదు, బాణీ గడువు ఇంకా దూరంలో ఉన్నది. పాతపాట గనుక ఎవరిదీ కాదనుకొనడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

అన్నమయ్య కీర్తనల సంగతి ఇంకా ఆసక్తికరం. సాహిత్యం ఐదువందల ఏండ్లకు పైబడినది. దానిమీద ఎవరికీ స్వామ్యం లేదు. కాని ఈనాడు మనం వింటున్న బాణీలలో అనేకం ఇరువదవ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో పరమపదించారు. చట్టం లెక్క ప్రకారం వారి స్వరరచనలకు రక్షణ 2039, 2074 సంవత్సరాల చివరివరకు ఉంటుంది. మాట అందరిదీ, వరుస కొందరిది అన్నమాట. త్యాగరాజకృతిని తానే పాడి, తన వెబ్‌సైటులో పెట్టుకొనేవానికి అడ్డులేదు. అదే కృతికి మరొక విద్వాంసురాలు ఇచ్చిన రికార్డును పెట్టదలచినప్పుడు మాత్రం ఆ రికార్డు హక్కుదారుని అడగవలసి ఉంటుంది.

హక్కు ఉన్నదని చట్టం చెప్పినా, దాని ఫలం కవికి చేరినదా? చాలాకాలం చేరలేదు. 1969లో స్వరకర్తల, రచయితల పక్షాన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడింది. సినిమా హాళ్లవారు, నిర్మాతలు దాని వసూళ్లను ప్రతిఘటించారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. ప్రతిఫలం తీసుకొని నిర్మాతకోసం పాట కట్టిన రచయిత, స్వరకర్త, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ పాటమీద హక్కు నిలుపుకొనలేరని, నిర్మాతే మొదటి స్వామి అవుతాడని 1977లో తీర్పు వచ్చింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు చేర్చారు. పాటకు ప్రాణంపోసే గాయకునికి మన చట్టంలో హక్కే లేదని ఆయన ఎత్తిచూపి, పార్లమెంటు ఈ సంగతి ఆలోచించాలని సూచించారు. గాయకులు మొదలైన ప్రదర్శకులకు చట్టంలో స్థానం దొరకడానికి 1994 సవరణ దాకా ఆగవలసివచ్చింది.

కవికి, స్వరకర్తకు న్యాయం జరగడానికి ఇంకా ఆలస్యమయింది. 2012 సవరణతో పరిస్థితి మారింది. సినిమా హాలులో చిత్రంతోపాటు వినిపించడం తప్ప, మరే విధంగా పాటను వాడుకొన్నా వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమానభాగం ఉండాలనీ, ఆ భాగాన్ని వారు వదులుకొంటున్నట్లు వ్రాయించుకొన్నా అది చెల్లదనీ చట్టం శాసించింది. కృష్ణానగర్‌లో తొలి అవకాశంకోసం ఎదురుచూచే కవి ఏ కాగితంమీదనైనా సంతకం పెడతాడు. అవసరం అటువంటిది. అతని సంతకంనుంచి కూడ అతనిని కాపాడే నియమం ఇది. ఆ భాగం అతనికి అందాలంటే పాట వినిపించే ప్రతివాడూ లెక్క చెప్పాలి. ఎవరో ఒక అభిమాని ఉచితంగా పెట్టిన పాటకు లెక్క లేదు, ఆ కవికి వాటా లేదు. ఈ చర్చలో అసలు నష్టపడగలవాడు ఎవరో ఇక్కడ స్పష్టమవుతుంది.

2017లో ఈ విషయం తెలుగువారి ఇండ్లలో చర్చకు వచ్చింది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన అనుమతి లేకుండ తన స్వరాలు పాడరాదని ఇళయరాజాగారి పక్షాన నోటీసు వచ్చింది. పాడినవానికే పాట పాడే హక్కు లేదా అని జనం ఆశ్చర్యపోయారు. బాలసుబ్రహ్మణ్యంగారు ఆ పాటలు మాని మిగిలినవాటితో పర్యటన సాగించారు. పాట ఒక్కటే, హక్కులు పలువురివి అనే సూత్రం సామాన్యునికి అర్థమయినది బహుశా ఆనాడే.

ఇక ఇంటర్నెట్టు వచ్చిన తరువాతి కథ. 1990 దశకం చివరిలో విదేశాలలో ఉన్న తెలుగువారు, ముఖ్యంగా అమెరికాలోని విద్యార్థులు, ఇంజనీర్లు, పాటలమీది బెంగతో సొంత వెబ్‌సైటులలో తెలుగు పాటలు పెట్టసాగారు. ఇంటికి పదివేల మైళ్ల దూరంలో ఘంటసాల కంఠం వినబడటం వారికి ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. క్యాసెట్టు పాడై, ప్లేటు పగిలి, కంపెనీలు సైతం మరచిపోయిన పాటలు కొన్ని ఈ అభిమానుల పుణ్యమా అని బ్రతికి ఉన్నాయి. వారి సేవను తక్కువచేసి మాట్లాడరాదు.

అమెరికా చట్టం ఈ పరిస్థితిని కొంత ముందుగానే ఊహించింది. 1995లోను, 1998లోను చేసిన చట్టాలు ఒక భేదాన్ని కల్పించాయి. రేడియోలాగ వరుసగా పాటలు వినిపిస్తూ, తరువాత ఏ పాట వస్తుందో శ్రోత చేతిలో లేకుండ ఉంటే, ఒక్కొక్క రికార్డు యజమానిని అడగనక్కరలేదు. నిర్ణీతమైన రుసుము చెల్లించి షరతులు పాటిస్తే చాలు. శ్రోత కోరిన పాట కోరినక్షణాన వినిపించేదైతే మాత్రం యజమానితో విడిగా ఒప్పందం చేసుకోవాలి. చిన్న కేంద్రాలకు ఆ రుసుము మోయలేని భారమని గోల పుట్టగా, వారికి ఊరట కల్పిస్తూ 2002లో మరొక చట్టం చేశారు. అదీ తగాదాలు లేకుండ సాగలేదు గాని, చిన్నవాడు ప్రవేశించడానికి ఒక ద్వారమైతే తెరచి ఉంచారు.

మన దేశంలో రేడియోకు అటువంటి ద్వారం ఉన్నది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకూ, పాటల కంపెనీలకూ ఏండ్లతరబడి జరిగిన వివాదం తరువాత, కేంద్రం తనకు వచ్చిన నికర ప్రకటనాదాయంలో నూటికి 2 వంతులు చెల్లించాలని 2010లో కాపీరైటు బోర్డు నిర్ణయించింది. 2012 సవరణలో 31-డి అనే సెక్షను చేర్చారు. ప్రసారసంస్థ ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు చెల్లిస్తే, పాట యజమాని కాదనడానికి వీలులేదు. 1952నాటి ప్రతిష్టంభన మళ్లీ రాకుండ కట్టిన గట్టు వంటిది ఆ సెక్షను.

ఆ సెక్షను ఇంటర్నెట్టుకు కూడ వర్తిస్తుందా? వర్తిస్తుందని 2016లో కేంద్రప్రభుత్వ శాఖ ఒకటి తన అభిప్రాయం తెలిపింది. కాని టిప్స్ అనే పాటల కంపెనీకి, వింక్ అనే స్ట్రీమింగ్ సంస్థకు నడచిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2019 ఏప్రిల్‌లో వేరు విధంగా తీర్పుచెప్పింది. 31-డి రేడియోకు, టెలివిజనుకు ఉద్దేశించినదే గాని, ఇంటర్నెట్టులో కోరిన పాట వినిపించేవారికి కాదన్నది. 2022లో ఆ హైకోర్టు ధర్మాసనం కూడ అదే సమర్థించింది. అంటే స్ట్రీమింగ్ చేసే సంస్థ, పెద్దదైనా చిన్నదైనా, పాట యజమాని ఇష్టపూర్వకంగా ఇచ్చే లైసెన్సుమీదనే ఆధారపడవలెను. పెద్ద సంస్థలకు లాయర్లు ఉన్నారు, సొమ్మున్నది, బేరమాడుకొంటాయి. సొంత వెబ్‌సైటు పెట్టుకొన్న ఒంటరివానికి ఆ అంగబలమూ లేదు, అర్థబలమూ లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఆ యువకుడు డబ్బు తీసుకొనడంలేదు గదా, అది సొంత వాడుక కాదా? కాదు. సొంత వాడుకకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. కాని ఎవరైనా తెరచి వినగల వెబ్‌సైటు సొంత వాడుక కాజాలదు. ప్రజలకు అందుబాటులో ఉంచడమే ప్రసారంగా లెక్కకు వస్తుందనీ, నిజంగా ఎవరైనా విన్నారా లేదా అనేది ప్రశ్న కాదనీ చట్టంలోని నిర్వచనం స్పష్టంగా చెబుతున్నది. పెండ్లి ఊరేగింపులలో, మతసంబంధమైన వేడుకలలో పాట మ్రోగించుకొనడానికి ఇచ్చిన మినహాయింపు కూడ వెబ్‌సైటుకు వర్తించేది కాదు.

అతడు అడగవలసినవారు ఎవరు? సాహిత్యానికి, స్వరానికి ఐ.పి.ఆర్.ఎస్. అనబడే పై సొసైటీ. ధ్వనిముద్రణకు ఆ రికార్డు ఏ కంపెనీదో ఆ కంపెనీ, లేదా దాని పక్షాన లైసెన్సులిచ్చే సంస్థ. పాత హెచ్.ఎం.వి., కొలంబియా ప్లేట్లైతే వాటి వారసత్వం సారెగమా కంపెనీది. తరువాతి కాలపు తెలుగు చిత్రాల పాటలు అనేకం హైదరాబాదులోని ఆదిత్య మ్యూజిక్ వంటి సంస్థల చేతిలో ఉన్నాయి. ప్లేటుమీది చీటీ చూచి, విడుదలైన సంవత్సరం, కర్తల పేర్లు, కంపెనీ పేరు ఒక పుస్తకంలో వ్రాసుకొనడం మొదటి పని. ఆ చిట్టా వ్రాయగానే ఏ పాటకు ఎవరిని అడగాలో, ఏది అడగనక్కరలేదో సగం తేలిపోతుంది. అనుమతి దొరకనిచోట పాటను తాను ఎక్కించక, అధికారికంగా వినిపించే చోటికి దారి చూపి, పాటనుగురించిన కథను, కర్తల వివరాలను తన వెబ్‌సైటులో వ్రాయవచ్చు. పాట చరిత్ర వ్రాయడానికి ఎవరి లైసెన్సూ అక్కరలేదు. ఆ పని చేసేవారు మనలో చాలా తక్కువ.

బాధ్యత ఒక పక్షానిదే అనడం న్యాయం కాదు. పి.పి.ఎల్., ఐ.పి.ఆర్.ఎస్. వంటి సంస్థలూ, శాసనకర్తలూ చూడవలసిన పక్షం కూడ ఒకటి ఉన్నది. లాభాపేక్ష లేని చిన్న వెబ్‌సైటుకు, ఇన్ని పాటలకు ఏడాదికి ఇంత అని, ఒక సామాన్య కుటుంబం భరించగల రుసుముతో, ఒక్కచోట దొరికే లైసెన్సు ఉండాలి. ఒకనాడు రేడియో పెట్టెకు తపాలా కార్యాలయంలో రుసుము కట్టడం జనానికి కష్టం కాలేదు. ఎంత కట్టాలో, ఎక్కడ కట్టాలో అందరికీ తెలుసు. తెలియని దారిలో మూడు తలుపులు తట్టి, జవాబు రాక తిరిగివచ్చేవాడు క్రమంగా అడగడమే మానివేస్తాడు. అడగడం మానిన చోట కవికి దక్కేది శూన్యం. 1952లో మంత్రిగారు, నిర్మాతలు పట్టుదలకు పోగా లాభపడినది సిలోన్ కేంద్రం. ఈనాడు అదే జరిగితే లాభపడేది, ఎవరికీ లెక్కచెప్పని దొంగ వెబ్‌సైటులు.

మహబూబ్ అలీ చిన్న ట్రాన్స్‌మిటరు పెద్ద రేడియో కేంద్రంగా ఎదగడానికి ఎక్కువ కాలం పట్టలేదని చెప్పవచ్చు. ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ అటువంటి ట్రాన్స్‌మిటరు ఉన్నది. వినేవాడు వినిపించేవాడుగా మారినప్పుడు వినిపించేవాని ధర్మం కూడ అతనిమీదికి వస్తుంది. ఆ ధర్మం నిర్వర్తించడానికి వీలైన దారి వేయడం పాట స్వాముల ధర్మం. యూసుఫ్‌గూడలో గోడకు ఒక ప్రక్క పాట వ్రాసే కవి, రెండవ ప్రక్క ఆ పాటను ప్రేమించి లోకానికి వినిపించే అభిమాని ఉన్నారు. మధ్యనున్న ఆ గోడలో చట్టబద్ధమైన తలుపు ఒకటి పెట్టగలిగితే ఇరువురూ ఒకరికొకరు ఉపకారులవుతారు.